మా ఇంటామె పేరు

"ఇంగ్లీషు మాటను ఇంగ్లీషోనికే ఇడమరిచి చెప్పి, వాని నోరు మూయించి వచ్చిన మనిషిని నేను. నమ్ముతే నమ్మున్రి, లేకుంటే లేదు" అన్నాడు కొండల్, ఖాళీ చాయ్ గ్లాసు బల్ల మీద బోర్లించి.

పరదా వెనక పోచమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆ గొంతు ఆమె మొగుడిది.

రేణుకమ్మ హోటల్ శంషాబాద్ దాటి ఎయిర్‌పోర్టుకు మళ్ళే తొవ్వ మొదట్లో ఉంటుంది. ముందర రెండు బల్లలు, మీద రేకులు, వెనక పొయ్యి, నడుమ పాత చీరతో కట్టిన పరదా. పొద్దుటి డ్యూటీ దిగిన ఆడవాళ్ళు వెనక పొయ్యి దగ్గర కూర్చుని చాయ్ తాగి ఇళ్ళకు పోతారు. ముందర బల్లల మీద మొగవాళ్ళ ముచ్చట్లు నడుస్తాయి. ఆ మధ్యాహ్నం అక్కడ ముగ్గురున్నారు. పొలం రన్‌వే కింద పోయినప్పటి నుంచి పగలంతా ఏం చేయాలో తోచక అక్కడే కూర్చునే ముసలి బుచ్చయ్య ఒకడు. క్యాబు నడిపే వీరేందర్ ఒకడు. మూడో ఆయన వీరరాఘవులు. తెనాలి వైపు మనిషి, కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరై బుద్వేల్‌లో ఉంటున్నాడు. కూతురు రేవతిని బెంగళూరు విమానం ఎక్కించి, వచ్చిన క్యాబులోనే తిరిగి ఇంటికి పోతూ చాయ్ కోసం ఆగాడు. ఆ క్యాబు కొండల్‌దే.

"ఎప్పుడు జరిగింది ఇది?" అన్నాడు వీరేందర్.

"మొన్న బేస్తారం. మా ఇంటామె పేరు పంచాయితీ. నీకు తెల్వదా? ఊరందరికి ఎరుకే."

ఊరందరికీ ఎరుకైన సంగతి ఇది. పోచమ్మకు ఎయిర్‌పోర్టులో ఊడ్చి తుడిచే పని. పని ఎయిర్‌పోర్టులోనే అయినా పెట్టుకున్నది మనుషుల్ని సప్లయి చేసే ఒక కాంట్రాక్టరు. కిందటి నెల ఆ కాంట్రాక్టరు కొత్త సూపర్‌వైజర్‌ను తెచ్చాడు. అతను వచ్చిన రోజే ఆడవాళ్ళందర్నీ వరుసగా నిలబెట్టి పేర్లు అడిగాడు. పోచమ్మ వంతు వచ్చేసరికి ముఖం చిట్లించాడు. "ఇవేం పేర్లు. ప్యాసింజర్లకు నోరు తిరగద్దా? చిన్నగ, స్వీటుగ ఉండాలె" అన్నాడు. వారం తిరక్కుండా కొత్త బ్యాడ్జీలు వచ్చాయి. పోచమ్మతో పాటు పనిచేసే భాగ్యలక్ష్మి బ్యాడ్జీ మీద లక్కీ అని ఉంది. పోచమ్మ బ్యాడ్జీ మీద ఏముందో భాగ్యలక్ష్మే చదివి చెప్పింది. పింకీ.

పోచమ్మ కంటే ముందు పుట్టిన పిల్లలు వాళ్ళ అమ్మకు దక్కలేదు. ఈ పిల్ల దక్కితే నీ పేరే పెట్టుకుంటానని ఆ తల్లి బోనమెత్తి గ్రామదేవత పోచమ్మకు మొక్కింది. దక్కింది. "నిన్ను పిలిస్తే అమ్మవారిని పిలిచినట్టే బిడ్డా. కోపంల నీ పేరు పలకొద్దని అందరికి చెప్పిన" అనేది. ఆ పేరు పెట్టుకుని ఇన్నేళ్ళు బతికిన మనిషి, ఇప్పుడు కుక్కపిల్లను పిలిచినట్టు పింకీ అంటే పలకాలి. సూపర్‌వైజర్ దగ్గరికి పోయి, "సార్, నా పేరు మార్చకున్రి" అంది. అతను తల ఎత్తకుండానే, "పని కావాల్నా, పేరు కావాల్నా" అన్నాడు. "గది నిక్‌నేమ్ అనుకో. ఏం పోయింది."

ఆ రాత్రి ఆమె కొండల్‌తో చెప్పింది. నోరున్నోనివి, నలుగుర్ల తిరిగేటోనివి, ఒచ్చి మాట్లాడు అంది. వస్తానన్నాడు. అన్నమాట ప్రకారం మొన్న బేస్తవారం వచ్చాడు కూడా. స్టాఫ్ గేటు దగ్గర అద్దం వెనక మాపు పట్టుకుని నిలబడి పోచమ్మ అంతా చూసింది, అంతా విన్నది. ఇంటికి పోయాక, "మాట్లాడినవా" అని అడిగితే, "గట్టిగ ఇచ్చిన. మారుస్తరు" అన్నాడు. ఆ రోజు నుంచి అతని ముందర కంచం పెట్టి లేచిపోతోంది. కొండల్ దాన్ని పట్టించుకున్నట్టు లేడు.

"సక్కగ గేటు కాడికి పోయిన" అంటున్నాడు ఇప్పుడు. "ఆడ తుపాకి పట్టుకొని జవాను ఉన్నడు. పాస్ ఏది అన్నడు. నేనన్న, పాస్ గీస్ నాకు తెల్వది, మా ఇంటామె పేరు మీద పంచాయితీ ఉన్నది, మీ సూపర్‌వైజర్‌ను బైటికి పిలువు అన్న. ఆయన నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. చూసి, జరిగి తొవ్వ ఇచ్చిండు."

"తుపాకి పట్టుకున్నోడా?" అన్నాడు బుచ్చయ్య.

"తుపాకి పట్టుకున్నోడే బాపు. మాటల దమ్ముంటే తుపాకి ఏం జేస్తది. ఇగ సూపర్‌వైజర్ వచ్చిండు. ఏందన్నా లొల్లి, గది ఉత్త నిక్‌నేమ్ అన్నడు. నిక్‌నేమ్ అంటే ఏందో ఎర్కేనా నీకు అన్న. ముద్దుపేరు అన్నడు. ముద్దుపేరు పెట్టాల్నంటే ముద్దు జేసి పెంచినోళ్ళు పెట్టాలె, నువ్వెవనివి అన్న. గప్పుడు చెప్పిన జూడు. పాత ఇంగ్లీషుల 'ఈక్' అని ఒక మాట ఉండె. ఈక్ అంటే కోడి ఈక కాదు, అదనం అని, ఇంకొకటి అని. ఈక్‌నేమ్ అంటే అదనపు పేరు. 'ఆన్ ఈక్‌నేమ్, ఆన్ ఈక్‌నేమ్' అని జనం గడగడ అనుకుంట అనుకుంట, గా ముందటి 'ఆన్'ల ఉన్న నకారం జారొచ్చి ఎనకటి పేరుకు అంటుకున్నది. గట్ల నీక్‌నేమ్ అయి, నిక్‌నేమ్ అయింది. అంటే ఏందిరా? అసలు పేరు ఇంట్ల కూసుంటే, అదనపు పేరు అరుగు మీద కూసోవాలె. నువ్వు అరుగు మీదిదాన్ని లోపటికి తెచ్చి, ఇంట్ల ఉన్నదాన్ని బజార్ల పడేసినవ్ అన్న."

వీరరాఘవులు గ్లాసు దించాడు. "ఆ మాట పుట్టుక నిజమేనయ్యా బుచ్చయ్యా. ఆ నకారం అలాగే జారింది. నేనే చెప్పాను ఇతనికి, కిందటిసారి అత్తాపూర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయినప్పుడు."

"సారు చెప్పిండు, నేను వాడిన" అన్నాడు కొండల్ ఏమాత్రం తడబడకుండా. "కత్తి జేసే కమ్మరోడు వేరే, కత్తి తిప్పేటోడు వేరే."

పొయ్యి దగ్గర రేణుకమ్మ పోచమ్మ వైపు చూసి గొంతు తగ్గించి, "మీ ఆయన గింత పని జేసిండా? నాకు ఒక్కమాటన్న చెప్పలే నువ్వు" అంది.

"ఇననియ్" అంది పోచమ్మ.

ఆ మాట ఆమెకు నచ్చింది. అదే ఆమెకు మండిపోయింది. అసలుదుంటేనే కదా అదనం. పది మాటల్లో చెప్పగలిగిన సంగతి. ఆ మాట ఆ రోజు గేటు దగ్గర ఈ మనిషి నోట్లోనే ఉంది, సారు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. ఉండి కూడా బయటికి రాలేదు. ఇప్పుడు చాయ్ బల్ల దగ్గర గలగలా వస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?" కొండల్ మోకాళ్ళు ఎడం చేసి కూర్చున్నాడు. "సూపర్‌వైజర్‌కు చెమటలు పట్టినయ్. ఏసీల చెమటలు. గా చెమట ధారగట్టి నేల మీద పారి, జారిపడతరు జాగ్రత అని పసుపుపచ్చ బోర్డు తెచ్చి పెట్టిన్రు. ఇగ వానితోని కాదని పైకి తీస్కపోయిన్రు, మేనేజర్ కాడికి. అద్దాల గది. మేనేజర్ నన్ను చూసి కుర్చీల కెల్లి లేచి, గా కుర్చీల నన్ను కూసోబెట్టి, తాను నిలబడ్డడు. సార్, గదంత నామినల్, లైట్ తీస్కోన్రి అన్నడు. నామినల్ అంటే పేరుకే అని. పేరుకే అంటివి, మా ఇంటామెకు పోయింది గా పేరే కదా అన్న. నోరు ఎల్లబెట్టిండు. ఇగ నువ్వు జేసిన పనికి ఇంగ్లీషుల ఒక మాట ఉన్నది, ఎర్కేనా అన్న. తెల్వది అన్నడు. ఇగ్నోమినీ అన్న."

"ఇగ నామినీ ఎవరు?" అన్నాడు బుచ్చయ్య. "ఎల్ఐసీ ఆయన అడిగినట్టు అడుగుతున్నవ్."

"నామినీ కాదు బాపు, ఇగ్నోమినీ. పేరు లేకుంట జేసుడు. మనిషి పేరు గుంజుకునుడు. పూర్వం లాటిన్ దొరలకాడ గంతకన్న పెద్ద అవమానం లేకుండె. కొడితే మానుతది, పేరు గుంజుకుంటే మానది. గది విని మేనేజర్ గుండె మీద చెయ్యేసుకొని దవాఖానకు ఫోన్ జేసిండు."

"నోమెన్ అంటే పేరు" అన్నాడు వీరరాఘవులు, బుచ్చయ్యకు అర్థం కావాలని. "నువ్వన్న నామినీ కూడా అందులోంచే వచ్చిందిలే. ఫలానా అని పేరు చెప్పి నిలబెట్టినవాడు. ఇగ్నోమినీ అంటే ఉన్న పేరు పోవటం. పరువు పోవటం అని వాడతారు. ఫోన్ సంగతి మాత్రం నాకు తెలీదు."

పరదా వెనక పోచమ్మ ఆ మాటను నోట్లోనే ఒకసారి తిప్పుకుంది. పేరు గుంజుకునుడు. నెల రోజులుగా తనకు జరుగుతున్నదానికి ఒక పేరుందని, ఎక్కడో దూరదేశంలో ఎప్పుడో ఎవరికో ఇదే జరిగితే వాళ్ళూ ఇట్లాగే మండిపోయి ఉంటారని ఆమెకు ఇప్పుడే తెలిసింది. చాయ్ చల్లారింది. తాగబుద్ధి కాలేదు.

"మేనేజర్‌తోని అయ్యే పని కాదని లండన్‌కు ఫోన్ కొట్టిన్రు. పొద్దుగాల కొడితే పగటీలికి పెద్దసారు దిగిండు."

"లండన్ గంత దగ్గరనా?" అన్నాడు బుచ్చయ్య.

"పేరు పంచాయితీ అంటే విమానం నడిపేటోడు గట్టిగ గుంజిండు బాపు. పెద్దసారు ఎర్రగ, తాటిచెట్టంత ఉన్నడు. నేను కుర్చీల కెల్లి లేవలే. ఏం కావాలె నీకు అన్నడు ఇంగ్లీషుల. మిస్‌నోమర్ అన్న. గాయన అదిరిపడ్డడు. గది కోర్టు మాట. సారు నవ్వుతున్నడు చూడున్రి, అడుగున్రి కావాల్నంటే. పూర్వం కోర్టు కాయితంల మనిషి పేరు తప్పు పడితే దాన్ని మిస్‌నోమర్ అందురు. పేరు తప్పు పడ్డదా, కేసు కొట్టేస్తుండిరి. ఇగ నేను పెద్దసారుకు లెక్క చెప్పిన. పింకీ అనే మనిషి భూమ్మీద లేదు. లేని మనిషి ఊడిస్తే ఊడ్చినట్టే కాదు. అంటే నెల దినాల సంది మీ ఎయిర్‌పోర్టును ఎవరు ఊడ్వలే. చట్టం ప్రకారం మీది చెత్తకుండి అన్న."

వీరేందర్ పడిపడి నవ్వాడు. బుచ్చయ్య కూడా నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

"నవ్వకున్రి. నేనట్ల అన్ననో లేదో, నెల దినాల చెత్త ఒక్కపారి మల్ల ఒచ్చి పడ్డది. కాయితం కప్పులు, దుమ్ము, ముక్కు తుడిచిన కాయితాలు. సూట్‌కేసులు మునిగిపోయినయ్. మనుషులు ఈదుకుంట బైటికొస్తున్నరు. పైన తిరుగుతున్న పైలట్లకు ఎరుకైంది. మురికిల దిగం అని మొండికేసిన్రు. ఒకదాని ఎనక ఒకటి విమానాలు ఆకాశంల లైను గట్టినయ్, ఆరాంఘర్ చౌరస్తల ఆటోలు నిలబడ్డట్టు. గా నీడకు గగన్‌పహాడ్ కంపెనీలల్ల పట్టపగలు లైట్లేసుకున్నరు."

"అన్నా, మొన్న బేస్తారం నేను డ్యూటీల ఉన్న. నాకు ఒక్క విమానం ఎక్కువ కనపడలే" అన్నాడు వీరేందర్.

"నువ్వు ఎన్నడన్న తలకాయ మీదికి లేపితే కదా. ఎప్పుడు సూడు ఫోన్ల మొకం. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఒక్క పైలట్ ధైర్యం జేసి దింపిండు. దిగి, ఉరుక్కుంట నా కాడికొచ్చి దండం పెట్టిండు. అన్నా, నీ ఇంటామె పేరుకు ఎందుకింత జిద్దు అన్నడు. బిడ్డా, మీరు నేమ్ అంటరు, మేం నామం అంటం. రెండు ఒక్క తల్లి పిల్లలు. వేల ఏండ్ల కింద ఒక్క ఇంట్ల ఉండె. ఒకటి గటు పోయింది, ఒకటి గిటు వచ్చింది. గందుకే నేమ్ పోతే మాకు నామం పోయినట్టే అన్న."

"ఇది మాత్రం బంగారం లాంటి మాటండీ" అన్నాడు వీరరాఘవులు ముందుకు వంగి. "సంస్కృతంలో నామన్, లాటిన్‌లో నోమెన్, ఇంగ్లీషులో నేమ్. అన్నీ ఒక్క కుదురువే."

"ఇన్నరా? సారే అన్నడు. గది విని పైలట్ ఏడ్చిండు. అన్నా, నాకు గూడ నామం పెట్టుమన్నడు. పెట్టిన, నొసటి మీద నిలువుగ. ఆయనకు పెట్టేసరికి విమానం అలిగింది. నిచ్చెన ఏసుకొని ఎక్కి విమానం ముక్కుకు పెట్టిన. దాన్ని చూసి పైన లైన్ల ఉన్న విమానాలన్ని ఒక్కొక్కటే దిగి, ముక్కులు వంచినయ్. అన్నిటికి పెట్టిన. చేతులు పడిపోయినయ్."

"పెట్టినవు పో నామం" అన్నాడు బుచ్చయ్య. "విమానాలకో, మాకో."

ఈసారి నవ్వు రేకుల కప్పుకు తగిలింది. వీరరాఘవులు కూడా కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. రేణుకమ్మకు కూడా నవ్వొచ్చింది కాని, పోచమ్మ ముఖం చూసి ఆపుకుంది. పోచమ్మ రొమ్ము మీద బ్యాడ్జీ అట్లాగే ఉంది. డ్యూటీ దిగాక కూడా తీయలేదు. తీయాలంటే ముందు దాన్ని ముట్టుకోవాలి.

కొండల్ నవ్వు తగ్గేదాకా ఆగి గొంతు సవరించుకున్నాడు. "ఇగ ఆఖరుకు అందరు దిగొచ్చిన్రు. లండన్ పెద్దసారు మైకు పట్టుకున్నడు. ముందుగాల ఇంగ్లీషుల, అటెన్క హిందీల, అటెన్క తెలుగుల, మా ఇంటామె పేరు జెప్పి, మాఫీ అడిగిండు. ఎయిర్‌పోర్టంత మోగింది. బాలాపూర్ల వినాయకుని లడ్డు వేలం పాడినోని పేరు మైకుల మోగుతది సూడున్రి, దానికి నూరింతలు మోగింది. బాలాపూర్ దాక ఇనవడ్డది. రన్‌వే మీద ఉరుకుతున్న విమానం బ్రేకేసి నిలబడ్డది. లోపటున్న మంది బెల్టులిప్పి లేచి నిలబడ్డరు. మా ఇంటామె పేరు గట్ల మోగుతుంటే నా రోమాలు..."

"ఏం పేరు మోగింది?"

పరదా తీసి పోచమ్మ బయటికి వచ్చింది. నీలం యూనిఫారం చీర, తలకు కట్టిన గుడ్డ, చేతిలో చల్లారిన చాయ్.

కొండల్ లేచి నిలబడ్డాడు. "నువ్వెప్పుడొచ్చినవే?"

"నువ్వు గేటు కాడ తుపాకి జవానును జరిపిన కాడికెల్లి ఉన్న. అడిగింది చెప్పు. మైకుల ఏం పేరు మోగింది?"

"నీ పేరే" అన్నాడు కొండల్, బల్ల మీదివాళ్ళ వైపు చూసి నవ్వబోతూ.

"నా పేరేంది?"

కొండల్ నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఇంట్లో ఏమే అంటాడు, దూరంగా ఉంటే ఓయ్ అంటాడు, నలుగురిలో మా ఇంటామె అంటాడు. పెళ్ళాం పేరు పలికే అలవాటు వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ లేదు, దాన్ని తప్పని కూడా ఎవరూ అనుకోరు. కాని ఇంతసేపు ఒక పేరు కోసం ఆకాశాన్ని నేలకు దించిన మనిషి, ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమలడం అందరికీ కనబడింది.

"అవ్ రా" అన్నాడు బుచ్చయ్య మెల్లగా. "గింతసేపు పేరు కథ చెప్పినవ్. పేరే చెప్పలే."

"చెప్పడు బాపు. చెప్పనీకె రాదు" అంది పోచమ్మ. ఆమె అరవలేదు. అరిచి ఉంటే కొండల్‌కు తేలికయ్యేది. "గేటు కాడ ఏమైందో నేను చెప్త. అద్దం ఎనక మాపు పట్టుకొని నిలబడ్డ నేను. ఈయన వస్తుంటే కండ్లార చూసిన. వచ్చిండు, నా కోసం వచ్చిండు అనుకున్న. సూపర్‌వైజర్ బైటికి రాంగనే రెండు చేతులు జోడిచ్చిండు. ఏమన్నవో చెప్తవా, నన్నే చెప్పమంటవా?"

కొండల్ బోర్లించిన గ్లాసును ఎత్తి మళ్ళీ బోర్లించాడు.

"నమస్తే సార్, నేను పింకీ హస్బెండ్‌ని అన్నడు."

వీరేందర్ చేతిలో ఫోన్ వైపు తల దించుకున్నాడు. రేణుకమ్మ పరదా పట్టుకుని నిలబడిపోయింది.

"గా పేరైతే నోటికి సక్కగ వచ్చింది. పెండ్లయిన కాడికెల్లి నా పేరు ఒక్కనాడు రాలే. వాడు నెల కింద పెట్టిన పేరు మాత్రం ఒక్క తడబాటు లేకుంట వచ్చింది. అటెన్క ఏమడిగినవ్? స్టాఫ్‌ను తెచ్చే బండ్లల్ల నీ క్యాబు గూడ పెట్టిచ్చమని అడిగినవ్. వాడు నవ్విండు. పింకీ హస్బెండా, చూద్దాం తియ్ అన్నడు. నువ్వు గూడ నవ్వినవ్."

"బండి నడిస్తే ఎవరికి? మన ఇంటికే కదా" అన్నాడు కొండల్.

"ఇంటికే. పింకీ ఇంటికి."

రోడ్డు మీద బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పోచమ్మ వీరరాఘవులు వైపు తిరిగింది.

"సారూ, మీరు చెప్పిన మాటలు మంచిగున్నయ్. పేరు గుంజుకునుడు అన్నరు కదా, గా మాట. ఈయనకు కాక నాకు చెప్పినా అరిగిపోవు."

"నిజమేనమ్మా" అన్నాడు ఆయన.

చాయ్ నేల మీద పారబోసి, గ్లాసు రేణుకమ్మకిచ్చి, పోచమ్మ నడిచి ఇంటికి పోయింది. కొండల్ క్యాబు అక్కడే ఉంది. ఎక్కమని అతను అనలేకపోయాడు.

మర్నాడు పొద్దున హాజరు దగ్గర సూపర్‌వైజర్ పింకీ అన్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పోచమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. "చెవుడా?" అన్నాడు.

పోచమ్మ బ్యాడ్జీ ఊడదీసి బల్ల మీద పెట్టింది. "నా పేరు పోచమ్మ సార్. గా పేరు పిలిస్తే పలుకుత. పని చేస్త. ఇది పిలిస్తే ఎవరిని పిలుస్తున్నరో నాకు తెల్వది."

"పని కావాల్నా, పేరు..."

"రెండు కావాలె" అంది, అతను పూర్తి చేయకముందే. "పేరు మా అమ్మ పెట్టింది. పని నా చేతులతోని చేస్తున్న. రెండింట్ల నువ్విచ్చింది ఒక్కటి లేదు."

అతను గేటు వైపు చెయ్యి చూపి, పొమ్మన్నాడు. ఆమె కదల్లేదు. వెనక నుంచి భాగ్యలక్ష్మి వచ్చి లక్కీ బ్యాడ్జీని పింకీ పక్కన పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ ముందుగా మాట్లాడుకోలేదు. నెల రోజులుగా ఎవరి మంట వాళ్ళు ఇంటికి మోసుకుపోతూనే ఉన్నారు. సూపర్‌వైజర్ తిట్టాడు, అందర్నీ తీసేస్తానన్నాడు, కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. ఈలోగా పొద్దుటి విమానాలు దిగాయి. జనం వచ్చారు, బాత్రూముల్లో నీళ్ళు నిలిచాయి, పైనుంచి మనుషులేరని అడగడం మొదలైంది. అతను ఎర్రబడ్డ మొహంతో, ఒక్కొక్కరి కళ్ళల్లోకి చూడకుండా, పాత పేర్లతోనే హాజరు పిలిచాడు.

బ్యాడ్జీలు మారడానికి మరో వారం పట్టింది. మారిన తర్వాత పోచమ్మను లోపలి నుంచి తీసి పార్కింగ్ ఊడ్చే పనికి వేశారు. ఏసీ లేదు, నీడ లేదు, కార్ల పొగ. ఎందుకు వేశారో అడగాల్సిన పని లేదు. ఆమె అడగలేదు. అన్నం డబ్బా పట్టుకుని ఎండలోకి పోయింది.

ఇంట్లో ఆమె కొండల్‌తో మాట్లాడటం లేదు. అతను రేణుకమ్మ హోటల్‌కు పోవడం తగ్గించాడని, పోయినా చాయ్ తాగి లేచిపోతున్నాడని వీరేందర్ ఎవరితోనో అంటే ఆమె చెవిన పడింది. పడితే పడనీ అనుకుంది.

ఒక మధ్యాహ్నం కార్ల వరుసల మధ్య ఊడుస్తోంది. పొద్దున ఇంట్లో విసురుగా బయలుదేరి అన్నం డబ్బా మరిచిపోయింది. కొండల్ క్యాబు వచ్చి కొంచెం దూరంలో ఆగింది. చేతిలో డబ్బాతో దిగాడు.

"ఏమే" అన్నాడు.

చీపురు కదులుతూనే ఉంది.

"ఓయ్" అన్నాడు కొంచెం గట్టిగా. పక్కన చెట్టు కింద నిలబడ్డ డ్రైవర్లు ఇటు చూశారు. అందులో వీరేందర్ కూడా ఉన్నాడు.

కొండల్ డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అందరూ చూస్తుండగా, నాలుక కాలినట్టు, ఒక్కొక్క అక్షరం ఊడబెరికినట్టు పిలిచాడు.

"పోచమ్మా."

ఆమెకు వినబడింది. వినబడినా చీపురు ఆపలేదు. ఆ వరుస చివరిదాకా ఊడ్చింది. కుప్ప చేసింది. ఎత్తి చెత్తకుండీలో పోసింది. అప్పుడు కొంగుతో మొహం తుడుచుకుని, అతని వైపు తిరిగింది.

"ఏంది, కొండల్?" అంది.